ముందు గది, వెనక గది

14 సెప్టెంబరు 2011, బుధవారం

తెలంగాణ కోసం సమ్మె మొదలై రెండో రోజు. బడికి సెలవు అని పెద్ద గేటుకి అట్ట కట్టారు. ఆ అట్ట కట్టిన అటెండరు మట్టయ్యే వెనక సందులో చిన్న గేటు తీసి పదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కళ్లనే లోపలికి పంపుతున్నాడు. యూనిఫాం వద్దు, బ్యాగు వద్దు, పుస్తకాలు కూరగాయల సంచిలో తెచ్చుకోండి అని నిన్ననే చెప్పాం. ఒకమ్మాయి సంచిలో పుస్తకాల మీద నిజంగానే రెండు గోంగూర కట్టలు పెట్టుకొచ్చింది. అది మా బి సెక్షన్ విజయశ్రీ. చెవి వెనక వినికిడి మిషన్ పెట్టుకునే పిల్ల. వాళ్లమ్మ సరూర్‌నగర్ రైతుబజారు దగ్గర ఆకుకూరలు అమ్ముతుంది.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ సూర్యప్రభ గారు లిస్టు అడిగారు. ప్రతి ఏడూ ఉండేదే. ఫెయిలయ్యేలా ఉన్న పిల్లల పేర్లు మా బడి నుంచి కాకుండా ఇంకో బడి నుంచి పరీక్షకి పంపిస్తారు. మే నెలలో ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నూటికి నూరు శాతం అని బ్యానర్ కట్టాలి కదా. ఆ ఇంకో బడికి బోర్డు ఉంది, గదులైతే నేను చూడలేదు. పోయినేడు అలా వెళ్లినవాళ్లలో ఒక్కళ్లు కూడా పరీక్ష హాలు దాకా పోలేదని మట్టయ్య అన్నాడు. మట్టయ్య తనకి అన్నీ తెలుసనుకుంటాడు.

క్లాస్ టీచర్ని కాబట్టి నేనే రాయాలి. జగన్, మధు, కృష్ణకుమారి, విజయశ్రీ. రాసి సంతకం పెట్టాను. దీపావళి వెళ్లాక గానీ పై ఆఫీసుకి పేర్లు పోవు. ఇప్పటికి అది ఉత్త లిస్టు.

19 సెప్టెంబరు, సోమవారం

బస్సులు కూడా ఆగిపోయాయి. వనస్థలిపురం నుంచి నడిచే వెళ్లాను. పదిహేనేళ్లుగా ఈ విజయవాడ రోడ్డు దాటాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకునేదాన్ని. ఇవాళ దాని నడిమధ్య మేకలు పడుకుని ఉన్నాయి. ఎవరూ చూడట్లేదని చెప్పులు చేత్తో పట్టుకుని తెల్ల గీత మీద నడిచాను. కాసేపు ఎక్కడికి పోతున్నానో గుర్తు లేదు. ఎండ కూడా మెత్తగా ఉంది.

మా పదో తరగతికి రెండు గదులు. ముందు గది కిటికీలు రోడ్డు మీదికి తెరుచుకుంటాయి, అది బి సెక్షన్ వాళ్లది. వెనక గది సందు వైపు, అది ఎ సెక్షన్ ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌ది. మా అబ్బాయి వంశీ కూర్చునేది అందులోనే. ఆ పిల్లలు వ్యాన్లలో వస్తారు, వ్యాన్లు లేవు కాబట్టి వాళ్లు లేరు. నా పిల్లలు చుట్టుపక్కల బస్తీల వాళ్లు, నడిచి వచ్చేస్తారు. ముందు గదిలో కూర్చుంటే రోడ్డు మీద ఉద్యమం వాళ్లకి కనపడతామని మమ్మల్ని వెనక గదిలోకి పంపారు.

ఆ గదిలో కిటికీ అవతల వేపచెట్టు, పావురాలు. వంశీ బెంచీ మీద వాడి పేరు కంపాస్‌తో చెక్కి ఉంది. ఇంటికెళ్లి అడగాలనుకుని మర్చిపోయాను.

విజయశ్రీ అదే బెంచీ మీద కూర్చుంది. త్రికోణమితి చెబుతుంటే తల ఊపింది. జూన్ నుంచి ఆ పిల్ల తల ఊపడం ఇదే మొదలు.

23 సెప్టెంబరు, శుక్రవారం

ఐదు లెక్కలిస్తే ఐదూ చేసింది. బోర్డు దగ్గరికి పిలిచి ఆరోది ఇచ్చాను, అదీ చేసింది. మిగతా పిల్లలు నోళ్లు వెళ్లబెట్టి చూశారు. నేనూ చూశాను.

నాలో ఏదో మార్పు వచ్చింది. ఈ నిశ్శబ్దంలో నేను మంచి టీచర్ని అయిపోయాను. పిల్లల్లోకి వెళ్లి, వాళ్ల మనసు తెలుసుకుని చెబుతున్నాను. ఇన్నాళ్లూ ఈ విద్య నాలో ఎక్కడ దాక్కుందో.

24 సెప్టెంబరు, శనివారం

సోమవారం కూడా బంద్ ఉంటే బాగుండు. ఈ మాట ఆయన వింటే నన్ను ఇంట్లోంచి గెంటేస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన కోచింగ్ సెంటర్ షట్టరు దించి పది రోజులైంది. రోజంతా టీవీ ముందు కూర్చుని, మధ్యమధ్య వంశీకి ఫిజిక్స్ చెబుతూ, కోపాన్ని న్యూటన్ మీద చూపిస్తున్నారు.

28 సెప్టెంబరు, బుధవారం

సాయంత్రం చౌరస్తాలో రోడ్డుకి అడ్డంగా బతుకమ్మ ఆడారు. లారీలు తిరిగే చోట పసుప్పచ్చటి తంగేడు పూలు, వందమంది ఆడవాళ్లు, చప్పట్లు. మా కోనసీమలో బతుకమ్మ లేదు. అయినా ఆ గుండ్రం చూస్తూ నిలబడితే నా చేతులు కూడా ఊరికే కలుసుకుంటున్నాయి.

విజయశ్రీ అందులో ఉంది. వాళ్లమ్మ కిష్టమ్మ పక్కన, అడుగు తప్పకుండా. నన్ను చూసి తల్లిని, తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. తండ్రి సీతారాములు దిల్‌సుఖ్‌నగర్‌కి షేర్ ఆటో తోలేవాడు, ఇప్పుడు పొద్దున్నుంచి రాత్రి దాకా రోడ్డుమీద బైఠాయింపులో ఉంటున్నాడు.

"మీ అమ్మాయి ఈమధ్య చాలా బాగా చదువుతోందండీ. నేను చెప్పే పద్ధతి మార్చాను" అన్నాను.

విజయశ్రీ నా పెదాల వంకే చూస్తూ ఉండి నవ్వింది. "మీరేం మార్సలే మేడం. రోడ్డు బందైంది."

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను.

"రోజు మిషన్ వెట్టుకుంటే బస్సులు, లారీలు, హారన్లు అన్ని ఒచ్చి చెవులనే వడ్తయి. మీ మాట గా సప్పుట్ల మునిగిపోతది. తలకాయ నొస్తది మేడం. గందుకే బంద్ జేసుకుంట. ఇప్పుడు సప్పుడు లేదు గద, మీ మాటొక్కటే ఒస్తుంది."

సీతారాములు పడీపడీ నవ్వాడు. "ఐతే గీ రోడ్డు బంద్ జేసిన పుణ్యం నాదే మేడం. తెలంగాణ ఒచ్చేదాంక మా పిల్ల ఫస్టే."

నేనూ నవ్వాను. ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా చాలాసేపు కూర్చున్నాను. జూన్ నుంచి ఆ పిల్ల మిషన్ ఆపేసుకుని నా ముందు కూర్చుంది. నేను ఇటు తిరిగితే పెదాలు చూసింది. బోర్డు వైపు తిరిగితే వీపు చూసింది. నేను ఎక్కువగా బోర్డుతోనే మాట్లాడతాను. ప్రోగ్రెస్ కార్డులో రెండుసార్లు "శ్రద్ధ లేదు" అని రాసింది కూడా నేనే. సిగ్గుగా ఉంది.

1 అక్టోబరు, శనివారం

సూర్యప్రభ గారితో మాట్లాడాలి. వెనక గది బి సెక్షన్‌కి శాశ్వతంగా ఇమ్మనాలి, లిస్టులోంచి పేరు తీయమనాలి. దసరా సెలవులయ్యాక మాట్లాడతాను. పండగ పూట ఎందుకు.

10 అక్టోబరు, సోమవారం

ఇవాళ అడుగుదామనే వెళ్లాను. ఆవిడకి తలనొప్పిగా ఉన్నట్టుంది, నుదురు పట్టుకుని కూర్చున్నారు. వచ్చేశాను.

పదకొండింటికి కరెంటు పోయింది. బొగ్గు లేదట, ఇప్పట్లో రాదట. ఫ్యాన్ తిరగడం ఆగిపోయేసరికి గదిలో మిగిలిన కాస్త చప్పుడు కూడా పోయింది. పిల్లలు అట్టలతో విసురుకుంటున్నారు. విజయశ్రీ చెయ్యెత్తింది.

"మేడం, గా గుర్రు గుర్రు ఏంది?"

"ఏ గుర్రు?"

కిటికీ వైపు చూపించింది. పావురం. పావురమని చెప్పాను.

"అదెప్పుడు గట్లనే అంటదా?"

ఎప్పుడూ అలాగే అంటుందన్నాను. ఎవరూ నవ్వలేదు. లెక్క సగంలో వదిలేసి నలభై మందిమీ పావురాల్ని వింటూ కూర్చున్నాం. వేపచెట్టు నీడ గోడ మీద కదులుతోంది. పది నిమిషాలో, అరగంటో. నాకు అది పాఠం చెప్పినట్టే అనిపించింది. ఈ గది ఇలాగే ఉండిపోతుందని, సమ్మె ఎప్పటికీ అవదని, నేనెవరినీ ఏమీ అడగక్కర్లేదని ఒక నమ్మకం. ఎంత హాయిగా ఉందో.

12 అక్టోబరు, బుధవారం

వెనక గదిలోనే ఉన్నాం కదా. తొందరేముంది.

14 అక్టోబరు, శుక్రవారం

తొందరేముంది.

17 అక్టోబరు, సోమవారం

బస్సులు వచ్చేశాయి. వ్యాన్లూ వచ్చాయి. ఎ సెక్షన్ వాళ్లు వెనక గదిలోకి, మేం ముందు గదిలోకి. నెల్లాళ్ల హారన్లన్నీ దాచుకుని ఒక్కరోజే కొట్టినట్టున్నారు.

పాఠం మొదలుపెట్టిన ఐదు నిమిషాలకి విజయశ్రీ చెయ్యి చెవి వెనక్కి పోయింది. మిషన్ ఆపేసింది. నా వంకే చూస్తోంది, మర్యాదగా. అరిచి చెప్పాను. మధ్యాహ్నానికి గొంతు పోయింది. ఐదు లెక్కలిస్తే ఒకటి చేసింది, అదీ పక్కపిల్ల పుస్తకం చూసి.

వంశీ ఇంటికొచ్చి, "నా బెంచీ మీద ఎవరో పెన్సిల్‌తో లెక్కలేశారమ్మా" అన్నాడు. కాసేపాగి, "కరెక్టే వేశార్లే" అన్నాడు.

ఇది నా పుస్తకం, ఇంకెవరూ చదవరు, నిజం రాస్తే తప్పేంటి? నేను అడగకపోవడానికి సూర్యప్రభ గారి తలనొప్పి కారణం కాదు. ఆ గదిలో నా కొడుకున్నాడు. గదులు మార్చమంటే వాణ్ని తీసుకొచ్చి ఆ లారీల పక్కన కూర్చోబెట్టమని అడగడమే. ఇరవై రోజుల్నుంచి నాకు తెలుసు.

19 అక్టోబరు, బుధవారం

కిష్టమ్మ వచ్చింది. బడి మార్పు కాగితం మీద ఆవిడ చేత సంతకం పెట్టించే పని నాకే ఇచ్చారు సూర్యప్రభ గారు. "మీరంటే వాళ్లకి గురి కదా లలిత గారూ" అన్నారు.

కిష్టమ్మ రైతుబజారు నుంచి నేరుగా రాలేదు. ఇంటికెళ్లి చీర మార్చుకుని, తల దువ్వుకుని వచ్చింది. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చుంది.

"వేరే బడి పేరు మీద పరీక్ష రాయాల్సి ఉంటుందమ్మా" అన్నాను. నా గొంతు ఇంకా రాలేదు, అది ఒకందుకు మంచిదే అయింది.

"మంచి బడేనా మేడం?"

నేను కాగితం ఆవిడ వైపు జరిపాను.

"దూరమైతే ఏం ఫికర్ లేదు, ఆళ్ల నాయిన ఆటోల దింపుతడు. మీరు జెప్పిన్రంటే మా పిల్ల మంచికే జెప్తరు. యాడ వెట్టాల్నో సూపెట్టుండ్రి, సంతకం వెడ్త. నాకు పేరు రాసుడొస్తది."

పెన్ను తీసుకుని ఎదురు చూస్తోంది. కాగితం వెనక్కి లాక్కున్నాను. ఇంకా టైముంది, మళ్లీ పిలుస్తానన్నాను. ఆవిడ లేచి దండం పెట్టి వెళ్లింది. ఆ దండం నాకు చెంపదెబ్బలా తగిలింది. స్టాఫ్ రూములో ఎవరూ లేరు, ఏడ్చాను.

20 అక్టోబరు, గురువారం

భోజనాల దగ్గర ఆయనకి చెప్పాను.

"నీకేమైనా మతి పోయిందా లలితా? గది కోసమే కదా వాణ్ని ఆ బ్యాచ్‌లో వేశాం. నువ్వే వెళ్లి వద్దంటావా?"

"ఆ పిల్లకి వినపడదండీ."

"మన వాడికి వినపడకుండా చేస్తావన్నమాట. ఇప్పటికే రోజూ మనల్ని పొమ్మంటున్నారు టీవీలో. గది కూడా ఖాళీ చేసి ఇచ్చేద్దామా?"

"మనల్ని ఎవరు పొమ్మంటున్నారో నాకు తెలీదు. ఆ పిల్లని పొమ్మని సంతకం పెట్టింది మాత్రం నేను."

ఆయన కంచంలో చెయ్యి కడిగేశారు. ఇద్దరం అరుచుకున్నాం, పెళ్లయ్యాక ఇంతగా ఎప్పుడూ లేదు. వంశీ గది తలుపు తీసి, "మీ ఇద్దరూ కాస్త మెల్లగా మాట్లాడతారా, చదువుకోవాలి" అన్నాడు.

22 అక్టోబరు, శనివారం

అడిగాను.

సూర్యప్రభ గారు అంతా విన్నారు. "వెనక గది చూపించే ఎ సెక్షన్ పేరెంట్స్‌ని చేర్పించుకున్నాం లలిత గారూ. ఆ పిల్లని ముందు వరసలోనే కూర్చోబెడుతున్నాం కదా."

"ముందు వరసైనా వెనక వరసైనా రోడ్డు ఒకటే మేడం."

"ఒక్క పిల్ల కోసం రెండు సెక్షన్లు తారుమారు చెయ్యమంటారా? మీ వంశీ సంగతేంటి?"

"వాడు అరిచి చెబితే వింటాడు మేడం. ఈ పిల్లకి అరిచినా లాభం లేదు."

ఆవిడ చాలాసేపు పేపర్ వెయిట్ తిప్పారు. నేను దానిలోపలి నీలం బుడగలు చూస్తూ కూర్చున్నాను. మనసు ఎక్కడికో పోబోయింది. ఈసారి పోనివ్వలేదు.

"అయితే టీచరుగా అడగకండి" అన్నారు చివరికి. "ఎ సెక్షన్ పేరెంట్‌గా రాసివ్వండి, మా అబ్బాయి ముందు గదిలో కూర్చోవడానికి అభ్యంతరం లేదని. ఎవరైనా గొడవకొస్తే మీ కాగితం చూపిస్తాను. వారం రోజులు చూద్దాం. వచ్చే శనివారం టెస్టులో ఆ పిల్ల పాసైతే పేరు కొట్టేద్దాం. లేకపోతే తల్లి చేత సంతకం మీరే పెట్టించాలి."

రాసిచ్చాను. రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టాను. ఆ రోజు నాలుగు పేర్ల కింద సంతకం పెట్టినప్పుడు ఒక్కసారి కూడా చదువుకోలేదు.

24 అక్టోబరు, సోమవారం

ఇవాళ సమ్మె పూర్తిగా విరమించారట. సీతారాములు ఆటో మళ్లీ రోడ్డెక్కింది. సాయంత్రం గేటు దగ్గర కనపడి, "మేం బంద్ ఆపినం గని, మీరు షురూ జేసిన్రంట గద మేడం" అన్నాడు. గదుల మార్పు సంగతి కూతురు చెప్పి ఉంటుంది.

మేం వెనక గదిలోకి మారాం. ఎ సెక్షన్ వాళ్లు గొణుక్కుంటూ ముందు గదిలోకి పోయారు. వంశీ నా పక్కనుంచే వెళ్లాడు, నా మొహం చూడలేదు.

నేను అలవాటు కొద్దీ గట్టిగా మొదలుపెట్టాను. ముందు గదిలో అరిచీ అరిచీ నా గొంతు అక్కడే ఇరుక్కుపోయింది. విజయశ్రీ చెయ్యెత్తింది.

"మేడం, జర మెల్లగ జెప్పుండ్రి. ఒర్రకుండ్రి. ఇనొస్తుంది."

క్లాసంతా నవ్వింది. బోర్డు వైపు తిరగబోయి, ఆగి, వాళ్ల వైపే తిరిగి నిలబడ్డాను.

రాత్రి ఆయన పెరుగన్నం తనే కలుపుకుని తిన్నారు. వంశీని ఎలా ఉందిరా అని అడిగాను. "దుమ్ము" అన్నాడు. అంతే.

27 అక్టోబరు, గురువారం

నిన్న దీపావళి. వీధి దద్దరిల్లిపోయింది. విజయశ్రీ మిషన్ తీసి డబ్బాలో పెట్టుకుని, ఒట్టి వెలుగులు చూసి ఉంటుంది. నాకూ అలా చూడాలనిపించి బాల్కనీలో చెవుల్లో దూది పెట్టుకుని నిలబడ్డాను. ఆకాశంలో పువ్వులు విచ్చుకుంటున్నాయి, ఆరిపోతున్నాయి. ఎంతసేపున్నానో. ఆయన వచ్చి భుజం తట్టారు. ఏదో అన్నారు. దూది తీసి ఏంటన్నాను.

"ఏం లేదు. లోపలికి రా, మంచు పడుతోంది."

వారం తర్వాత ఇదే మొదటి మాట.

29 అక్టోబరు, శనివారం

టెస్టు. విజయశ్రీ అడిషనల్ షీటు తీసుకుంది.

31 అక్టోబరు, సోమవారం

నిన్నే దిద్దాను. భయపడుతూ దిద్దాను. మార్కులు రెండుసార్లు కూడాను. అరవై మూడు.

పొద్దున్నే పేపరు పట్టుకుని సూర్యప్రభ గారి గదికి వెళ్లాను. ఆవిడ పేజీలన్నీ తిరగేసి, బీరువాలోంచి లిస్టు తీసి నా ముందు పెట్టారు. "మీరే రాశారు, మీరే కొట్టెయ్యండి."

విజయశ్రీ పేరు మీద అడ్డంగా గీత గీశాను. ఇంకో గీత గీశాను. లోపలి అక్షరాలు కనపడకుండా నల్లగా చేశాను.

"సంతోషమేనా?" అన్నారు.

సంతోషమే అన్నాను. కిష్టమ్మకి కబురు చెయ్యమని మట్టయ్యకి చెప్పి మెట్లు దిగాను. అప్పుడు నా అంత టీచరు ఈ ఎల్‌బీ నగర్‌లోనే లేదనిపించింది. దిగుతూ ఒక పాట కూడా తీశాననుకుంటా. ఎండ మెట్ల మీద చతురస్రాలుగా పడి ఉంది. ఒక్కో చతురస్రంలో ఒక్కో అడుగు వేసుకుంటూ వెళ్లాను.

వెనక గదిలోకి వెళ్లి హాజరు పట్టీ తెరిచాను. మెల్లగానే పిలిచాను, ఇప్పుడు అరవక్కర్లేదు కదా.

"జగన్."

"ప్రెజెంట్ మేడం."

అక్షరాలు తిరగేసి రాసే పిల్లాడు. ఎందుకలా రాస్తావని ఎప్పుడూ అడగలేదు. తప్పని ఎర్రసిరాతో సున్నా చుట్టాను.

"కృష్ణకుమారి."

"ప్రెజెంట్ మేడం."

వారానికి రెండు రోజులు రాదు. వచ్చిన రోజు గోడకి ఆనుకుని నిద్రపోతుంది. ఎందుకో తెలీదు.

"మధు."

మధు చెయ్యెత్తాడు. నేను తల ఎత్తి చూస్తే గానీ ఆ చెయ్యి కనపడలేదు. జూన్ నుంచి ఆ పిల్లాడి గొంతు నేను విన్నానా?

పెన్ను పట్టీ మీద ఆగిపోయింది. విజయశ్రీ పేరు నల్లగా చేస్తున్నప్పుడు దాని పైన ఈ మూడు పేర్లూ ఉన్నాయి. నా చేతిరాతే. నా చెయ్యి వాటికి ఆనుకునే ఉంది. ఒక్కటీ చదవలేదు. విజయశ్రీకి చెవి వెనక మిషన్ ఉంది కాబట్టి నాకు కనపడింది. వీళ్లకి పైకి కనపడేదేదీ లేదు.

పిల్లల్ని లెక్కలు చేసుకోమని చెప్పి మళ్లీ మెట్లెక్కాను. సూర్యప్రభ గారు లిస్టు కవర్లో పెట్టి అంటిస్తున్నారు.

"మళ్లీ ఏమైంది లలిత గారూ?"

"అది ఒకసారి ఇలా ఇవ్వండి మేడం" అన్నాను. "ఇంకా ముగ్గురున్నారు."

ఆవిడ కవరు బల్ల మీద పెట్టారు. కూర్చోమన్నారు. కూర్చున్నాను.